ఇల్లు మారునపుడు నడుమును కాపాడుకొనుట

ఉపోద్ఘాతము

మనుష్యుడు తన జీవితములో ఒకటి రెండు సార్లైనను ఇల్లు మారక తప్పదు. ఉద్యోగము బదిలీయైనందున కొందరును, పిల్లల చదువుల కొరకు కొందరును, అద్దె భరింపలేక కొందరును మారుచుందురు. వరదయో, తుఫానో, సముద్రపు పోటో తరుమగా మారువారును కలరు. కారణమేదైనను ఆనాడు జరుగు పని యొక్కటియే: ఏండ్ల తరబడి కదలక యున్న బరువులన్నియు ఒక్క దినములో కదలవలెను. ఏడాది పొడుగున చేతిసంచి కంటె బరువైన దానిని ఎత్తని వాడు సైతము ఆనాడు బీరువాకు భుజమిచ్చును; మరునాటి ఉదయమున మంచము మీదనుండి లేవలేక మూల్గును.

ఇది స్వల్ప విషయముగా తోచవచ్చును గాని అట్లు కాదు. ప్రపంచారోగ్య సంస్థ లెక్కల ప్రకారము 2020 సంవత్సరమున ప్రపంచమందు 61 కోట్ల 90 లక్షల మంది నడుమునొప్పితో బాధపడిరి. మనుష్యులను పనికి అశక్తులను చేయు కారణములలో ఇదియే మొదటిది. కూలిచేసి బ్రతుకువానికి నడుమే మూలధనము. అది పడిపోయిన యెడల ఇంటిల్లిపాదికిని పస్తు తప్పదు. కావున ఇల్లు మారు దినమున నడుమును కాపాడుకొను విధమును ప్రతివారును తెలిసికొనుట మంచిది.

సిప్పీఘాట్‌లో జరిగినది

దక్షిణ అండమాన్ ద్వీపమున, 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడి నేడు శ్రీ విజయపురము అను పేరుగల నగరమునకు కొలది దూరమున సిప్పీఘాట్ గ్రామమున్నది. సముద్రపు పాయ ఒడ్డున పల్లపు నేల. ఒకప్పుడు అచ్చట వరి పండెడిది. 2004 డిసెంబరు 26వ తేది ఆదివారము ఉదయము 6 గంటల 29 నిమిషములకు సుమత్రా తీరము చెంత మహాభూకంపము సంభవించెను. వెంటనే సునామీ వచ్చెను. అంతటితో ముగియలేదు. దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు క్రిందికి క్రుంగెను. కెరటము వెనుకకు పోయినను నేల మాత్రము మరల పైకి లేవలేదు. అందువలన సిప్పీఘాట్ పల్లపు పొలములలోనికిని ఇండ్లలోనికిని పోటు వచ్చినపుడెల్ల ఉప్పునీరు వచ్చుట మొదలయ్యెను. పలు కుటుంబములు ఇండ్లు విడిచి మెరకకు తరలిపోవలసి వచ్చెను.

ఈ దీవులలో శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వలసవచ్చి స్థిరపడిన తెలుగువారు వేలకొలది కలరు. ఓడ దిగి పెట్టె మోసికొని మొదటి గూడు వెదకుకొన్న వారు కొందరు. సముద్రము తరుమగా రెండవసారి ఇల్లు మారినవారు కొందరు. కాబట్టి ఈ పాఠము వారికి మిక్కిలి దగ్గరది. గోదావరి, కృష్ణా లంకలలో ఏటేట వరదకు తట్టబుట్ట సర్దుకొను వారికిని ఇది పనికివచ్చును.

ఇచ్చట ఒక ముఖ్యవిషయమును మొదటనే చెప్పవలెను. సముద్రతీరమున నేల గట్టిగా గాని చాలసేపు గాని కంపించిన యెడల సామాను సంగతి తలపవలదు. పసిపిల్లలను, వృద్ధులను తీసికొని వెంటనే మెరకకు పోవలెను. ట్రంకుపెట్టె కొరకు ఆగినవాని ప్రాణమునకే మోసము రావచ్చును. బరువులెత్తు విధమంతయు ఆపద గడచి, అధికారులు అనుమతించిన పిమ్మట సామాను కొరకు తిరిగి వచ్చినపుడు పాటింపదగినది. అప్పుడు తొందర అవసరము లేదు. కాని మనస్సు కలతపడియుండును, నిద్ర యుండదు, పోయినదేదో మిగిలినదేదో చూచుకొను ఆత్రము ఉండును. నడుము విరుగుటకు అనువైన సమయమదియే.

వెన్నెముక నిర్మాణము

వెన్నెముక ఒక్క ఎముక కాదు. మెడలో 7, రొమ్ము వెనుక 12, నడుమునందు 5 వెన్నుపూసలు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. వాటి క్రింద త్రికాస్థి, అనుత్రికాస్థి కలవు. పూసకును పూసకును నడుమ మెత్తని బిళ్ళ యుండును. దాని అంచు గట్టి నారలతో అల్లిన చుట్లవలెను, నడిమిభాగము చిక్కని జిగురు వలెను ఉండును. మనము నడచునపుడు, దుముకునపుడు కలుగు అదరును ఈ బిళ్ళలే ఓర్చుకొనును. పూసల వెనుక సందులనుండి నరములు కాళ్ళకు దిగును. బిళ్ళ అంచు చిరిగి లోపలి జిగురు వెలికి ఉబికి నరమును ఒత్తిన యెడల తుంటినుండి పిక్క వరకు, ఒక్కొక్కప్పుడు పాదము వరకు బాధ ప్రాకును.

రాత్రి పరుండినపుడు ఈ బిళ్ళలు నీరు పీల్చుకొని ఉబ్బును. అందుచేతనే ఉదయమున మన ఎత్తు సాయంకాలము కంటె ఒక సెంటిమీటరో, ఇంచుమించు రెండో ఎక్కువగా నుండును. ఉబ్బిన బిళ్ళపై వంగుట వలన కలుగు ఒత్తిడి అధికము. కావున నిద్ర లేచిన వెంటనే బరువునకు వంగుట మంచిది కాదు. ఒక గంటసేపైనను నడచుచు, చిన్న పనులు చేసికొనుచు ఉండి, ఆ పిమ్మట బరువుల జోలికి పోవలెను. తెల్లవారుజామున లారీ వచ్చునని చెప్పినచో దానికంటె ముందుగానే లేచి తిరుగాడుచుండవలెను.

బరువు ఎట్లు పెరుగును

తక్కెడను తలచుకొనుడు. కాడ పొడవైన వైపు చిన్న గుండు, పొట్టివైపు పెద్ద గుండు సరితూగును. మన నడుము అట్టి తక్కెడయే. పూసలు ఇరుసు. వెనుక కండరములు ఇరుసునకు సుమారు 5 సెంటిమీటర్ల దూరమున పట్టి లాగును. చేతిలోని పెట్టె ముందువైపున 50 సెంటిమీటర్ల దూరమున నున్నదనుకొందము. దూరము పదిరెట్లు గనుక 20 కిలోల పెట్టెను నిలుపుటకు కండరములు 200 కిలోల బలముతో లాగవలసి వచ్చును. వంగిన మన దేహభారము దీనికి అదనము. అదే పెట్టెను పొట్టకు ఆనించి 25 సెంటిమీటర్ల దూరమునకు తెచ్చిన యెడల ఆ లాగుడు సగమగును. పెట్టె బరువు మారలేదు; దూరము మాత్రమే మారినది.

ఇది లెక్కలకు మాత్రమే పరిమితమైన మాట కాదు. 1999లో జర్మనీ దేశమున ఉల్మ్ విశ్వవిద్యాలయమునకు చెందిన శాస్త్రజ్ఞులు స్వయముగా ముందుకు వచ్చిన ఒక మనుష్యుని నడుము బిళ్ళలో సన్నని సాధనమును నిలిపి ఒత్తిడిని కొలిచిరి. ఊరక నిలుచున్నపుడు 0.5 మెగాపాస్కల్ ఉండెను. 20 కిలోల బరువును దేహమునకు దగ్గరగా పట్టుకొన్నపుడు 1.1, రొమ్మునకు 60 సెంటిమీటర్ల దూరమున పట్టుకొన్నపుడు 1.8 ఉండెను. అదే బరువును మోకాళ్ళు వంచి ఎత్తినపుడు 1.7, మోకాళ్ళు వంపక వీపును విల్లువలె వంచి ఎత్తినపుడు 2.3. ఒక్క మనిషిపై జరిగిన పరిశోధనయే అయినను, దగ్గరి బరువు తేలిక, దూరపు బరువు భారము అను పెద్దల అనుభవమును అది స్పష్టముగా బలపరచుచున్నది.

ఎంత బరువు ఎత్తవచ్చును

అందరికి ఒకే హద్దు చెప్పుట సాధ్యము కాదు. అయినను కొన్ని కొలతలు దారి చూపును. అమెరికా దేశపు వృత్తి ఆరోగ్య సంస్థ 1991లో సవరించిన సూత్రము ప్రకారము అన్ని పరిస్థితులు అనుకూలముగా నున్నప్పుడు ఒకరు ఎత్తదగిన బరువు 23 కిలోలు. బ్రిటిషు మార్గదర్శకముల ప్రకారము నడుము ఎత్తున, దేహమునకు దగ్గరగా నున్న బరువు పురుషులకు 25, స్త్రీలకు 16 కిలోలు; నేలకు దగ్గరగా, చేతులు చాచి ఎత్తవలసి వచ్చిన యెడల పురుషులకు 5, స్త్రీలకు 3 కిలోలు మాత్రమే. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 34వ విభాగము, గాయము కలిగింపగలంతటి బరువును ఏ కార్మికునిచేతను మోయింపరాదని నిర్దేశించెను.

ఇప్పుడు మన యింటి సామానును చూతము. నీరు లీటరునకు ఒక కిలో. నిండిన 15 లీటర్ల బకెట్టు 15 కిలోలకు పైమాటయే. 200 లీటర్ల డ్రమ్ము నిండుగా నున్న యెడల దానిని ఏ ఒక్కరును కదపరాదు. నిండిన వంటగ్యాసు సిలిండరు సుమారు 30 కిలోలు. అందులో గ్యాసు 14.2 కిలోలు, మిగిలినది ఇనుము. సిమెంటు బస్తా 50 కిలోలు. బీరువా, రుబ్బురోలు, తిరుగలి, కుట్టుమిషను మొదలైనవి ఒక్కరు ఎత్తదగినవి కావు.

తడిసిన సామాను విషయమున మరింత జాగ్రత్త అవసరము. నీటిలో నానిన దూదిపరుపు పొడిగా నున్న పరుపు కంటె ఎన్నో రెట్లు బరువెక్కును. తడిసిన ధాన్యపు బస్తాయు అట్టిదే. నిరుడు ఒంటిచేత మోసిన పరుపే గదాయని చేయి వేసినవాడు మోసపోవును. పరుపును గోడకు ఆనించి నీరు ఓడ్చి, వీలైనచో ఎండబెట్టి, పిమ్మట ఎత్తవలెను. ధాన్యమును చిన్న సంచులలోనికి మార్చవలెను.

ముందు చేయవలసిన సన్నాహము

ఎత్తు పద్ధతి నేర్చినంత మాత్రమున నడుము రక్షింపబడదని పలు పరిశోధనలు తేల్చినవి. పద్ధతికంటె ముఖ్యమైనది బరువును తగ్గించుట, దూరమును తగ్గించుట, తోడును సమకూర్చుకొనుట. కావున పని ఇల్లు మారు దినమున కాక అంతకు వారము ముందే మొదలు పెట్టవలెను.

1. అక్కరలేని వస్తువులను ముందుగా ఇచ్చివేయవలెను. మోయని బరువు నడుమును నొప్పింపదు గదా!

2. ఏ పెట్టెయు 15 కిలోలకు మించకుండ సర్దవలెను. పుస్తకములు, ఇత్తడి పాత్రలు చిన్న పెట్టెలలోను. దిండ్లు, బట్టలు పెద్ద పెట్టెలలోను ఉంచవలెను. సాధారణముగా మనము చేయునది దీనికి విరుద్ధము.

3. పెట్టెపై "బరువు", "తేలిక" అని వ్రాయవలెను. చూచినంతనే ఎత్తువాడు సిద్ధపడును. తేలికయనుకొని ఎత్తిన బరువే నడుమును పట్టించును.

4. బీరువా, మంచము, బల్ల మొదలైన వాటిని ఖాళీ చేసి, విడదీయగలిగినంత విడదీయవలెను. డ్రమ్ములోని నీటిని వంచివేయవలెను.

5. గుమ్మమునుండి బండి వరకు దారిని శుభ్రపరచవలెను. బురద యున్నచో గట్టి పలకలు పరచి, అవి కదలకుండ చూడవలెను. చీకటి పడకముందే పని ముగియునట్లు ఏర్పరచుకొనవలెను.

6. అండమాన్ దీవులలో ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షము కురియును. మే మొదలు డిసెంబరు వరకు వానలే. వీలున్నవారు జనవరి, ఏప్రిల్ నడుమ మారుట మేలు. పల్లపు ప్రదేశములలో అమావాస్య, పౌర్ణమి దినములకు చేరువగా వచ్చు పెద్ద పోటును తప్పించుకొని, పాటు సమయమున సామాను తరలింపవలెను. నీరు పెరుగుచుండగా పరుగులు తీయువాడు కాలు జారి పడును.

7. ముహూర్తము విషయము. పాలు పొంగించుటకు ముహూర్తము దగ్గర పడినదని ఇంటి సామానంతయు ఉరుకులు పరుగులపై మోయుట మన యిండ్లలో కద్దు. పాలు, గిన్నె, పొయ్యి, దేవుని పటము ముందుగా తీసికొనిపోయిన చాలును. బీరువాకు ముహూర్తము లేదు. దానిని మరునాడు నెమ్మదిగా తేవచ్చును.

ఎత్తు విధము

మొదట పెట్టెను కాలితో కొంచెము జరిపి బరువు అంచనా వేయవలెను. సందేహమున్నచో మరొకరిని పిలువవలెను. సహాయము కోరుట చిన్నతనము కాదు. పిమ్మట ఈ క్రమము ననుసరింపవలెను.

పెట్టెకు చేరువగా నిలిచి, పాదములను భుజముల వెడల్పున ఎడముగా ఉంచి, ఒక పాదమును కొంచెము ముందునకు చాపవలెను. తుంటిని, మోకాళ్ళను వంచి దిగవలెను. వీపు విల్లువలె వంగరాదు. వ్రేళ్ళ కొనలతో గాక అరచేతులతో గట్టిగా పట్టుకొనవలెను. పెట్టెను పొట్టకు ఆనించుకొని, చూపు ముందునకు నిలిపి, కాళ్ళ బలముతో నెమ్మదిగా లేవవలెను. ఊపుతో గుంజరాదు. తిరుగవలసినపుడు నడుమును మెలిపెట్టక పాదములతోనే తిరుగవలెను. వంగుట, మెలితిరుగుట, ఎత్తుట మూడును ఒక్క సమయమున చేసిన యెడల ప్రమాదము అధికము. బండిలోనికి సామాను అందించునపుడు సాధారణముగా జరుగు తప్పు ఇదియే. దించునపుడును ఇదే క్రమము. ఎత్తునపుడు చూపిన శ్రద్ధ దించునపుడు చాలమందికి ఉండదు.

భుజముల కంటె ఎత్తున నున్న వస్తువును చేతులు చాచి దింపరాదు; గట్టి పీట ఎక్కి దింపవలెను. లాగుటకంటె త్రోయుట మేలు. బీరువా క్రింద పాత దుప్పటి గాని గోనెపట్టా గాని పరచిన యెడల గచ్చుపై సుఖముగా జరుగును. చక్రముల బండి దొరికినచో అంతకంటె కావలసినది లేదు. మన పూర్వుల కావడి కూడ మంచి సాధనమే. బరువు రెండు వైపులను సమానముగా నుండుటచే నడుము ఒక ప్రక్కకు ఒరుగదు. ఒక చేత పెద్ద సంచిని మోయుట కంటె రెండు చేతుల రెండు చిన్న సంచులు మోయుట ఈ కారణముచేతనే మేలు.

ఇద్దరు ముగ్గురు కలిసి మోయునపుడు ఇంచుమించు సమానమైన ఎత్తు గలవారు జతపడవలెను. ఒక్కరు మాత్రమే ఆజ్ఞ ఇయ్యవలెను. కళాసీలు పెద్ద దూలమును కదల్చునపుడు "ఐలేసా" అని పలుకుట వినోదమునకు కాదు. అందరి బలము ఒక్క క్షణమున పడుటకే. ఒకరు ముందు ఎత్తి మరొకరు ఆలస్యము చేసినచో బరువంతయు మొదటివాని నడుముపై పడును. దించునపుడును మాట చెప్పియే దింపవలెను.

బురదలో దిగబడిన కాలిని బరువుతో పైకి లాగరాదు. బరువును ముందు ఒక పలకపై దింపి, పిమ్మట కాలు తీసికొనవలెను. పడవనుండి జెట్టీకి సామాను చేర్చునపుడు పడవలో ఒకరు, జెట్టీపై ఒకరు నిలిచి అందించుకొనవలెను, పెట్టెతో దుముకరాదు. ప్రతి అరగంటకు కొంచెము విశ్రమించి నీరు త్రాగవలెను. అలసిన కండరము నడుమును కాపాడలేదు.

నడుమునకు బెల్టు కట్టుకొన్నచో ఎంత బరువైనను ఎత్తవచ్చునని కొందరు తలతురు. ఆరోగ్యవంతులైన వారికి బెల్టు గాయమును నివారించునను దానికి తగిన ఆధారము లేదని 1994లోనే అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ ప్రకటించెను. బెల్టు ఇచ్చు మిథ్యాధైర్యము అపాయకరము.

గర్భిణీ స్త్రీలు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, ఎముకలు బలహీనపడిన వృద్ధులు బరువులెత్తరాదు. వృద్ధులకు చిన్న బరువు వలననే వెన్నుపూస నలుగవచ్చును. వారికి పెట్టెలపై పేర్లు వ్రాయుట, లెక్క చూచుకొనుట వంటి పనులు అప్పగింపవలెను.

నడుము పట్టినచో

ఎంత జాగ్రత్తపడినను ఒక్కొక్కప్పుడు నడుము పట్టును. వెంటనే బరువును దించి పని మానవలెను. భయపడవలదు, ఎక్కువ మందిలో ఈ నొప్పి కొలది వారములలో తగ్గిపోవును. పూర్వము నెలల తరబడి చెక్కబల్లపై పరుండవలెనని చెప్పుచుండిరి. ఆ సలహా నేడు చెల్లదు. 1986లో అమెరికాలో జరిగిన పరిశోధనలో రెండు దినములు పరుండినవారును, ఏడు దినములు పరుండినవారును ఒకే విధముగా కోలుకొనిరి. కాని రెండు దినములవారు త్వరగా పనిలో చేరిరి. కావున నొప్పి ఓర్చుకొనగలిగినంత వరకు మెల్లగా నడచుచు, ఇంటి పనులు చేసికొనుచు ఉండుటయే మేలు. వెచ్చని కాపడము ఉపశమనము నిచ్చును. నొప్పి మందులు వైద్యుని సలహాపై మాత్రమే వాడవలెను. నడుము త్రొక్కించుట, గుంజించుట వంటివి చేయింపరాదు.

ఈ క్రింది లక్షణములలో ఏదైనను కనిపించిన యెడల గడియ యైనను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. అండమాన్ వాసులకు శ్రీ విజయపురమున గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి కలదు.

— మూత్రము బిగించుట, లేక మలమూత్రములు తెలియకయే పోవుట.
— తొడల సందున, పిరుదులపై స్పర్శ తెలియకపోవుట.
— కాలు బలహీనపడి పాదము ఈడ్చుకొనిపోవుట.
— పడిపోయిన పిమ్మట, లేక వృద్ధులకు స్వల్ప కారణముతో, తీవ్రమైన నొప్పి కలుగుట.
— నొప్పితోపాటు జ్వరము వచ్చుట, లేక రాత్రి విశ్రాంతిలోను తగ్గకపోవుట.

మొదటి మూడును నరముల గుంపు నలిగినదనుటకు గుర్తులు కావచ్చును. సకాలమున శస్త్రచికిత్స జరుగనిచో ఆ లోపము శాశ్వతముగా మిగులును.

జ్ఞాపకముంచుకొనవలసినవి

బరువును తగ్గింపుడు, దగ్గరగా పట్టుడు, మెలి తిరుగకుడు, తోడు పిలువుడు, తొందరపడకుడు. నేల క్రుంగినను, నీరు వచ్చినను, మరొక చోట ఇల్లు కట్టుకొనవచ్చును. ఆ ఇల్లు కట్టుటకు కావలసినది నిలువగల నడుము.

ప్రశ్నలు

1. పెట్టెను దేహమునకు దగ్గరగా పట్టుకొనుట వలన నడుముపై ఒత్తిడి ఏల తగ్గును?
2. పుస్తకములను చిన్న పెట్టెలలో ఏల సర్దవలెను?
3. తెల్లవారగానే బరువులకు వంగరాదనుటకు కారణమేమి?
4. నడుమునొప్పి వచ్చినపుడు ఏయే లక్షణములను చూచి వెంటనే ఆసుపత్రికి పోవలెను?
5. మీ యింట ఒక్కరు ఎత్తరాని వస్తువులు ఏవి? ఇంటివారందరు కలిసి పట్టిక వ్రాయుడు.